దూరధావకుడు ఆర్థరు న్యూటను

దక్షిణాఫ్రికాలోని నాటాలు సీమలో, డర్బను రేవుపట్టణమునకును మెట్టప్రదేశముననున్న పీటరుమారిట్జుబర్గు నగరమునకును నడుమ ఒక పాత బాట కలదు. ఆ బాటలో ఇంచుమించు సగము దూరమున, డ్రమ్మండు అను గ్రామమునకు సమీపమున, ప్రక్కనున్న గట్టులో ఒక మనుష్యుడు కూర్చుండుటకు చాలినంత గూడు ఒకటి కానవచ్చును. దానికి ఆర్థరుగారి ఆసనమని పేరు. ఆ బాటపై ఏటేట జరుగు కామ్రేడ్సు పరుగుపందెములో వేలకొలది జనులు పాల్గొందురు. వారిలో పలువురు ఆ గూటికడ క్షణమాత్రము నిలిచి, ఒక పువ్వునుంచి, అందెవరో పెద్దమనిషి కూర్చుండియున్నట్లే నమస్కారము చెప్పి, మరల పరుగు సాగింతురు. అట్లు చేసినవారికి తక్కిన సగము దూరము సులభముగా గడచునని అచ్చటివారి వాడుక.

ఇది వట్టి మూఢనమ్మకమని కొందరు నవ్వవచ్చును. మేము నవ్వజాలము. పువ్వునందు మహిమ లేదని ఆ పరుగెత్తువారికిని తెలియును. అయినను తమకంటె ముందు ఆ బాటను త్రొక్కి, మనుష్యుని కాళ్లకు ఇంత శక్తి కలదని చూపిన యొకనిని తలచుకొనకుండ ముందుకు సాగుటకు వారికి మనసొప్పదు. ఆ తలపే వారికి బలము. ఆ గూటిలో కూర్చుండి విశ్రమించుచుండెనని చెప్పబడు ఆర్థరు న్యూటను చరిత్రమును ఈ సంచికయందు మా విద్యార్థులకును వారి తల్లిదండ్రులకును వినిపింపదలచితిమి. ఆయన ప్రభువు కాడు, సేనాని కాడు, పండితుడును కాడు. నలుబదవయేట అడుగిడబోవుచు పరుగెత్తుట కారంభించిన యొక రైతు.

ఆర్థరు ఫ్రాన్సిసు హామిల్టను న్యూటను 1883 వ సంవత్సరము మే నెల 20 వ తేదీన ఇంగ్లాండు దేశపు పడమటి తీరమందలి వెస్టను సూపరు మేరు అను ఊరిలో జన్మించెను. ఆయన తండ్రి క్రైస్తవ దేవాలయమున బోధకుడు. కుమారుడు చదువు ముగించి యౌవనమందే దక్షిణాఫ్రికా చేరెను. అచ్చట కొంతకాలము బడిపంతులుగా పనిచేసి, తరువాత నాటాలు సీమలో హార్డింగు అను చిన్న పట్టణమునకు దగ్గరగా భూమి సంపాదించి, పొగాకును ప్రత్తియు పండించుచు జీవించుచుండెను. చుట్టలకు బదులు పొగగొట్టము త్రాగు అలవాటు గలవాడు, పుస్తకములయందును సంగీతమందును ప్రీతిగలవాడు. ముప్పదియెనిమిదేండ్లు వచ్చువరకు పరుగుపందెములలో పేరు పొందినవాడు కాడు.

అట్టివాడు పరుగు మొదలుపెట్టుటకు కారణము వినోదము కాదు, వ్యాజ్యము వంటి యొక కష్టము. ఆయన భూమియున్న ప్రాంతమును ప్రభుత్వమువారు నల్లజాతివారి నివాసమునకై ప్రత్యేకింపదలచిరి. దానితో తన భూమికి వెల లేకుండ పోయెనని న్యూటను మొరపెట్టుకొనెను. పరిహారము కోరెను. అర్జీలు వ్రాసెను. అధికారులు వినలేదు. అప్పుడాయన ఒక విచిత్రమైన ఆలోచన చేసెను. పేరులేని రైతు మొర నెవ్వరును వినరు. దేశమంతయు పేరెరిగిన వాని మాటను వార్తాపత్రికలు ప్రకటించును, జనులు చదువుదురు, ప్రభుత్వము ఉపేక్షింపజాలదు. దక్షిణాఫ్రికాలో ఆటగానికున్నంత గౌరవము మరియొకరికి లేదు. కావున ఏదైన నొక ఆటలో ప్రసిద్ధి గడింపవలెనని నిశ్చయించుకొనెను. ఆ వయసున ఏ ఆట పొసగును? ఓర్పుతో దూరము పరుగెత్తుట యొక్కటే పొసగునని తోచెను.

అటువంటి పందెమొకటి అప్పుడే నాటాలులో పుట్టియుండెను. విక్ క్లాఫాము అను రైల్వే ఉద్యోగి మొదటి ప్రపంచయుద్ధములో తూర్పు ఆఫ్రికాయందు సైనికుడుగా ఎండలో వందలకొలది మైళ్లు నడచినవాడు. యుద్ధమున మరణించిన తన తోటివారి స్మరణార్థము స్తంభమో విగ్రహమో నిలుపుట కాక, వారు పడిన శ్రమను తలపించు పరుగుపందెమును నెలకొల్పవలెనని ఆయన కోరెను. కామ్రేడ్సు అనగా తోటివారని అర్థము. మొదటి పందెము 1921 వ సంవత్సరము మే 24 వ తేదీన జరిగెను. ఒక సంవత్సరము కొండమీది నగరమునుండి సముద్రమునకు దిగుట, మరుసటి యేడు సముద్రమునుండి కొండమీదికి ఎక్కుట, ఇది దాని క్రమము. దూరము రమారమి 54 మైళ్లు, అనగా మన లెక్కలో ఏడామడలకు దగ్గర. మొదటియేడు 34 గురు బయలుదేరగా 16 గురు మాత్రమే గమ్యము చేరిరి.

న్యూటను 1922 వ సంవత్సరము జనవరి 1 వ తేదీన పరుగు నేర్చుకొన మొదలిడెను. పందెమునకు ఐదు నెలలైనను లేవు. మొదటి దినమున కొలది దూరము పరుగెత్తగానే పిక్కలు పట్టివేసి, తరువాత కొన్ని దినములు నడచుటయే కష్టమయ్యెను. మరియొకడైనచో వయసు మీరినదని మానివేసియుండును. న్యూటను మానలేదు, మొండిగా మరల అదే విధమున పరుగెత్తనులేదు. తప్పెక్కడ నున్నదో ఆలోచించెను. వేగముగా పరుగెత్తుటచేత దేహము నలుగుచున్నదని గ్రహించి, వేగమును తగ్గించి, దూరమును కొంచెము కొంచెముగా పెంచెను. అలసట తోచినచోట నడచెను. ప్రతిదినమును తప్పక బాటపైకి వెళ్లెను. ఆ కాలమందలి పందెగాండ్రు వారమునకు కొలది దినములు మాత్రమే అభ్యాసముచేసి, ఆ కొలది దినములలో దేహమును మిక్కిలి శ్రమపెట్టువారు. న్యూటను పద్ధతి దీనికి విరుద్ధము. కొంతకాలమునకు ఆయన దినమునకు సగటున 20 మైళ్లవరకు పరుగెత్తుచుండెను. అయినను రొప్పుచు ఇంటికి వచ్చుట ఆయనకు నచ్చదు. మరునాడు మరల పరుగెత్తుటకు శక్తి మిగులునట్లే నేడు పరుగెత్తవలెనని ఆయన సిద్ధాంతము.

1922 మే 24 వ తేదీన డర్బనునుండి పీటరుమారిట్జుబర్గునకు ఎక్కుడు పందెము జరిగెను. న్యూటను ఇతరులను ముందు పోనిచ్చి, తన అడుగు తాను తప్పక వేయుచు, ఒక్కొక్కరిని దాటి, 8 గంటల 40 నిమిషములకు ప్రథముడుగా గమ్యము చేరెను. మరుసటి సంవత్సరము దిగుడు పందెమును 6 గంటల 56 నిమిషముల 7 సెకండ్లలో ముగించెను. అంతకుముందు ఆ దిశలో అతి తక్కువ కాలము దాదాపు 9 గంటలు. దానిపై రెండు గంటలు తగ్గింప వీలగునని ఎవ్వరును తలపలేదు. అందుచేత ఆయన డర్బను చేరునప్పటికి గమ్యస్థానమున కొద్దిమంది మాత్రమే యుండిరట. 1924 లోను, 1925 లోను, 1927 లోను మరల గెలిచెను. 1925 నాటి దిగుడు పందెములో ఆయనకు పట్టినది 6 గంటల 24 నిమిషముల 45 సెకండ్లు. 1926 లో మాత్రము హ్యారీ ఫిలిప్సు అనువాడు గెలువగా న్యూటను రెండవవాడయ్యెను. ఐదుసార్లు గెలిచినవాని పేరు ఆ పందెమునుండి వేరుచేయరానిదైనది.

1924 లో ఇంగ్లాండునకు పోయి లండనునుండి బ్రైటనునకు గల సుమారు 52 మైళ్ల బాటను 5 గంటల 53 నిమిషముల 43 సెకండ్లలో పరుగెత్తి, పూర్వపు లెక్కను గంటకు పైగా తగ్గించెను. అప్పటికి ఆయన వయసు నలుబదియొకటి.

ఇచ్చట మేమొక విషయమును దాచక చెప్పవలసియున్నది. గొప్పవారి చరిత్రలు వ్రాయునప్పుడు వెలుతురు పడినచోటునే చూపి చీకటిని మరుగుపరచుట మంచిది కాదు. న్యూటను తనకు అన్యాయము జరిగినదని నమ్మెను. ఒక రైతు తన శ్రమఫలము పోయినదని దుఃఖించుట సహజమే. అయితే ఆ దేశమునందే 1913 నాటి భూమిచట్టము ప్రకారము జనసంఖ్యలో ఎక్కువ భాగమైన నల్లజాతివారికి దేశపు భూమిలో నూటికి 7 వంతులు మాత్రమే యుంచబడెను. తక్కిన భూమిని కొనుటకు వారికి హక్కు లేకుండెను. వారి మొర ఏ వార్తాపత్రికలోను పెద్ద అక్షరములతో అచ్చుపడలేదు. వారు ఎంత పరుగెత్తినను వినువారు లేరు. ఏలయనగా కామ్రేడ్సు పందెమున చేరుటకే వారికి అనుమతి లేదు.

ఈ మాట మన తెలుగువారికిని దూరపు మాట కాదు. 1860 వ సంవత్సరము నవంబరులో ట్రూరో అను ఓడ చెన్నపట్టణమునుండి డర్బను చేరెను. నాటాలు చెరకుతోటలలో ఒప్పందపు కూలీలుగా పనిచేయుటకు పోయిన మొదటి భారతీయులు అందుండిరి. తరువాత 1911 వరకు పోయిన ఓడలలో మన తెలుగు జిల్లాలవారును వేలకొలది యుండిరి. న్యూటను పరుగెత్తిన బాటను చూచుచు నిలిచిన జనులలో అట్టివారి బిడ్డలుండి యుందురు. చూచుటకే గాని పరుగెత్తుటకు వారికిని హక్కు లేకుండెను. స్త్రీలకును లేకుండెను. 1923 లో ఫ్రాన్సెసు హేవార్డు అను స్త్రీ అనుమతి లేకయే పరుగెత్తి 11 గంటల 35 నిమిషములలో గమ్యము చేరెను. నియమము ప్రకారము ఆమెకు పతకమీయలేదు. అయితే తోటి పందెగాండ్రును ప్రేక్షకులును చందాలు వేసికొని ఆమెకు వెండి తేనీటి పాత్రలు బహూకరించిరి. 1935 లో రాబర్టు మ్చాలి అను నల్లజాతివాడు అట్లే అనుమతి లేక పరుగెత్తి 9 గంటల 30 నిమిషములలో చేరెను. స్త్రీలకును అన్ని జాతులవారికిని ఆ పందెము తెరువబడినది 1975 లో. 2019 లో రాబర్టు మ్చాలి పేర ఒక పతకము నెలకొల్పబడెను. న్యాయము కూడ దూరపు పరుగువంటిదే. ఆలస్యముగా చేరును, కాని పరుగు మానినచో ఎన్నటికిని చేరదు.

న్యూటను కోరిన న్యాయము ఆయనకు దొరకలేదు. పేరు వచ్చెను, పత్రికలు వ్రాసెను, జనులు మెచ్చిరి, ప్రభుత్వము మాత్రము కదలలేదు. 1925 లో ఆయన నాటాలు విడిచి, నేడు జింబాబ్వే అనబడు రొడీషియా దేశమునకు పోయెను. ఏ పనికొరకు పరుగు మొదలిడెనో ఆ పని నెరవేరలేదు. ఇక పరుగు మానవచ్చును గదా. మానలేదు. ఉపాయముగా పట్టుకొనినది ఆయనకు వృత్తి అయ్యెను. మా మనసునకు మిక్కిలి హత్తిన భాగమిదియే. కోరినది దొరకనపుడు మనుష్యుడు చేసిన శ్రమయంతయు వ్యర్థమని తలచును. న్యూటను అట్లు తలపలేదు.

1927 జూలైలో రొడీషియాలోని గ్వెలోనుండి బులవాయో వరకు 100 మైళ్లను 14 గంటల 43 నిమిషములలో పరుగెత్తెను. 1928 జనవరి మాసపు చలిలో ఇంగ్లాండుయందు, బాతు నగర సమీపమునుండి లండను హైడు పార్కు మూలవరకు గల బాటపై 100 మైళ్లను 14 గంటల 22 నిమిషముల 10 సెకండ్లలో ముగించెను. మారథాను పరుగు 26 మైళ్ల 385 గజములని మన పిల్లలెరుగుదురు. 100 మైళ్లనగా అట్టివి నాలుగింటికి కొంచెము తక్కువ.

అదే సంవత్సరము అమెరికాలో ఎన్నడును వినని పందెము ప్రకటింపబడెను. పసిఫికు తీరమందలి లాసు ఏంజెల్సు నగరమునుండి అట్లాంటికు తీరమందలి న్యూయార్కు వరకు, అనగా 3,400 మైళ్లకు పైగా, దినదినము మజిలీలుగా పరుగెత్తవలెను. మొదటి బహుమానము 25,000 డాలర్లు. న్యూటను అందు చేరెను. ఇచ్చట అమెచ్యూరు అను మాటను గూర్చి పిల్లలకు చెప్పవలెను. ధనాపేక్ష లేక ఆటయందలి ప్రీతిచేతనే ఆడువానిని అమెచ్యూరందురు. ఒక్కసారి డబ్బు పందెమున చేరినవానిని ఆ కాలపు అమెచ్యూరు సంఘములు తమ పందెములకు మరల రానిచ్చెడివి కావు. న్యూటను ఇది తెలిసియే చేరెను. భూమి పోయినది, వయసు నలుబదినాలుగు, జీవనమునకు వేరు దారి తోచలేదు. కావున ఇకమీదట కామ్రేడ్సు పందెములోను ఆయనకు చోటు లేకపోయెను.

1928 మార్చి 4 వ తేదీన 199 గురు బయలుదేరిరి. మొదటి దినములలో న్యూటను అందరికి ముందుండెను. అరిజోనా రాష్ట్రమునకు వచ్చునప్పటికి మడమనరము చెడి, అడుగు తీసి అడుగు పెట్టలేక విరమించెను. ఓడినవాడు సిగ్గుతో ఇల్లు చేరుట వాడుక. పందెము నడపువారు ఆయనను సలహాదారుగా నుండుమని కోరగా న్యూటను ఒప్పుకొనెను. తన స్థానమును దాటిపోయినవారికే పాదముల సంరక్షణమును గూర్చియు, వేగమును గూర్చియు బుద్ధులు చెప్పుచు న్యూయార్కు వరకు వారితో పోయెను. చివరకు 55 గురు గమ్యము చేరిరి. ఓక్లహోమావాసియు చెరోకీ జాతివాడునగు ఆండీ పేను అను ఇరువదియేండ్ల యువకుడు గెలిచెను. 1929 లో జరిగిన రెండవ పందెమున న్యూటను మరల ప్రయత్నించెను. ఈసారి బాటపై మోటారుకారు తగిలి గాయపడి మానుకొనవలసివచ్చెను. ఆ పందెమున పీటరు గవుజ్జి అను ఓడసేవకుడు 525 గంటలకు పైగా పరుగెత్తి, 2 నిమిషముల 47 సెకండ్ల తేడాతో రెండవవాడయ్యెను. ఈ గవుజ్జియు న్యూటనును ప్రాణస్నేహితులై, తరువాత కొన్నియేండ్లు కెనడాలో జంటగా పందెములు పరుగెత్తిరి.

1931 లో కెనడాలోని హామిల్టను నగరమున, కప్పుగల శాలలో చిన్న వలయమున చుట్టు తిరుగుచు, 24 గంటలలో న్యూటను 152 మైళ్ల 540 గజములు పరుగెత్తెను. ఇది మన లెక్కలో పందొమ్మిదామడలు. గానుగెద్దు తిరిగినట్లు ఒక పగలును ఒక రాత్రియు ఒకేచోట తిరుగుటకు కాళ్ల బలమొక్కటియే చాలదు. విసుగును జయింపగల మనస్సు కావలెను. దేహమునకంటె మనస్సే ముందుగా అలయునని, చింతయే మనుష్యుని బలమును హరించునని న్యూటను తరచుగా బోధించుచుండెను.

1934 జూలైలో, ఏబదియొకటవ యేట, ఆయన తన కడపటి గొప్ప పరుగు పరుగెత్తెను. అదే బాతు బాటపై అదే 100 మైళ్లు. పట్టిన కాలము 14 గంటల 6 నిమిషములు. ఆరేండ్ల క్రిందటి తన లెక్కను 16 నిమిషములకు పైగా తగ్గించెను. లెక్కల తరగతి పిల్లలు భాగించి చూచుకొనవచ్చును. మైలునకు ఎనిమిదిన్నర నిమిషములు కూడ పట్టలేదు. అట్లు వరుసగా నూరు మైళ్లు!

ఆ పిమ్మట లండనునకు సమీపమున రైస్లిప్పు అను ఊరిలో కాపురముండెను. అప్పటినుండి ఆయన చరిత్రలో రెండవ భాగము ప్రారంభమగుచున్నది. మా అభిప్రాయమున మొదటిదానికంటె ఇదియే గొప్పది. నియమము ప్రకారము న్యూటను అమెచ్యూరు కాడు. వారి పందెములలో ఆయనకు ప్రవేశము లేదు. అయినను అమెచ్యూర్లే ఆయనను వెదకుకొని వచ్చిరి. పగలు కొలువులలోను కర్మాగారములలోను పనిచేసి సాయంకాలము వీధులలో పరుగెత్తు సామాన్యులు ఆ యింటి తలుపు తట్టుచుండిరి. ఆయన వారికి చక్కెర మెండుగా వేసిన తేనీరిచ్చి, గంటలకొలది కూర్చుండి వారి సందేహములు తీర్చుచుండెను. ఉప్పును చక్కెరయు కలిపిన నిమ్మపానీయము దూరపు పరుగులో ఎంత సహాయమో, అడుగులను నేలకు దగ్గరగా చిన్నవిగా వేయుట ఎందుకు మేలో, అన్నియు దాచక చెప్పుచుండెను. 1935, 1940, 1947, 1949 సంవత్సరములలో నాలుగు పుస్తకములు వ్రాసి ప్రకటించెను. ఆయన జీవితమున పరుగెత్తిన దూరము లక్ష మైళ్లకు పైగా యుండెనని లెక్క. అనగా భూగోళమును నాలుగుసార్లు చుట్టినట్లు.

ఆ సామాన్యులు ఆయనను ఎందుకంత ఆరాధించిరి? వారిలో నూటికి తొంబదిమందికి 100 మైళ్లు కలలోని మాట. ఆయనవలె పరుగెత్తగలమని వారనుకొనలేదు. అయితే ఆయన శక్తి పుట్టుకతో వచ్చిన మాయ కాదనియు, ముప్పదియెనిమిదేండ్ల రైతు పిక్కలు పట్టి కుంటుచు మొదలిడి, దినదినము కొంచెము చేసి సంపాదించినదనియు వారెరుగుదురు. మిక్కిలి ఎత్తుననున్న కొండశిఖరమును చూచి మనము అబ్బురపడుదుము. ఆ శిఖరమునకు మన వాకిటినుండియే బాట కలదని తెలిసినపుడు అబ్బురము ప్రేమగా మారును. న్యూటను వారికి ఆ బాట చూపెను.

తాను గడించిన లెక్కలను దాటిపోవువారికి సహాయము చేయుట అన్నింటికంటె కష్టము. న్యూటను అదియు చేసెను. 1937 లో హార్డీ బాలింగ్టను అను దక్షిణాఫ్రికా యువకుడు ఇంగ్లాండునకు వచ్చి, న్యూటను తోడ్పాటుతో లండను బ్రైటను బాటను 5 గంటల 53 నిమిషముల 42 సెకండ్లలో పరుగెత్తెను. పదుమూడేండ్లుగా నిలిచిన న్యూటను లెక్క ఒక్క సెకండుతో పోయెను. అదే సంవత్సరము బాతు బాటపై 100 మైళ్ల లెక్కయు అతడే 13 గంటల 21 నిమిషములకు తగ్గించెను. 1951 లో లండను బ్రైటను పందెము ప్రారంభమయ్యెను, 1952 లో బాటలపై పరుగెత్తువారి సంఘమొకటి ఏర్పడెను. వృద్ధుడైన న్యూటను వారికి పెద్దదిక్కుగా నుండెను. 1953 లో వాలీ హేవార్డు అను మరియొక దక్షిణాఫ్రికావాసి లండను బ్రైటను బాటను 5 గంటల 29 నిమిషముల 40 సెకండ్లలోను, బాతు బాటను 12 గంటల 20 నిమిషముల 28 సెకండ్లలోను ముగించి, 24 గంటలలో 159 మైళ్ల 562 గజములు పరుగెత్తెను. ఇట్లు న్యూటను గొప్ప లెక్కలన్నియు చెరిగిపోయెను. అయినను ఆయన కీర్తి చెరుగలేదు. తరువాతివారు పరుగెత్తిన పద్ధతి ఆయన నేర్పినదియే గదా.

ఆర్థరు న్యూటను 1959 వ సంవత్సరము సెప్టెంబరు నెలలో డెబ్బదియారవ యేట కాలధర్మము నొందెను. ఆయన భూమి ఆయనకు తిరిగి రాలేదు. పెద్ద ఆస్తియు మిగులలేదు. మిగిలినవి నాలుగు పుస్తకములు, ఒక మట్టిగట్టులోని గూడు, అందు ఏటేట పడు కొన్ని పువ్వులు. నేడా పువ్వులనుంచువారిలో నల్లవారును తెల్లవారును కలరు, భారతీయ సంతతివారును కలరు, స్త్రీలును పురుషులును కలరు. ఆయన కాలమున ఆ బాటపై చోటులేనివారి మనుమలే నేడాయనకు నమస్కరించుచున్నారు. ఇంతకంటె గొప్ప క్షమ మాకు కనబడదు.

బాలబాలికలారా! అపొస్తలుడైన పౌలు క్రైస్తవజీవితమును పరుగుపందెముతో పోల్చెనని వేదపాఠ తరగతిలో మీరు వినియున్నారు. మన వార్షిక క్రీడలలో నూరు గజముల పందెమున మొదటివాడై కప్పు పుచ్చుకొనువాడు ఒక్కడే. తక్కినవారు చిన్నబోయి ఇంటికి పోవుదురు. వారిని గూర్చియే మేమీ చరిత్ర వ్రాసితిమి. వేగము కొందరికే యీయబడినది. దినదినమును తప్పక కొంచెము చేయుట అందరికిని సాధ్యము. లెక్కలు రానివాడు దినమున కొక లెక్క చేయవచ్చును. పద్యము నిలువనివాడు దినమున కొక పాదము వల్లింపవచ్చును. మొదటి దినమున పిక్కలు నొప్పిపెట్టును, అది ఓటమి కాదు.

తల్లిదండ్రులకు మా మనవి యొకటి కలదు. మీ బిడ్డ ఇతరులకంటె వెనుకబడినాడని తొందరపడి నిందింపకుడు. మరునాడు మరల పరుగెత్తుటకు వానిలో ఉత్సాహము మిగిలియున్నదా అని చూడుడు. అది మిగిలియున్నచో దూరమెంతయైనను గడచును.

ఇక ముందువారి కొక మాట. మీ లెక్కను దాటిపోవు చిన్నవాడు వెనుక వచ్చుచున్నపుడు బాట కడ్డు నిలువక, దప్పికగొన్న వానికి నీరందించి, ముందున్న మలుపును గూర్చి చెప్పుడు. ఆర్థరు న్యూటనుకు నమస్కరింపదలచినవారు నాటాలు వరకు పోనక్కరలేదు. మన పాఠశాల మైదానమునందే ఆ పని చేయవచ్చును.